బర్రెల కొట్టంలో ఇంగ్లీషు కారు

నా కారుని మొదటిసారి చూసినప్పుడు మా ఇంటి ఓనరమ్మ అడిగిన ప్రశ్నకి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

"గిది మొత్తం ఇంతేనా బిడ్డా? ఇంకా సగం వస్తదా?"

అంతే మరి. రెండే సీట్లు. పైన రేకు లేదు, మడతపెట్టే గుడ్డ టాపు. కూర్చుంటే కాళ్ళు బారచాపుకోవాల్సిందే, రోడ్డు మీద చాప వేసుకున్నట్టుంటుంది. రంగు ముదురాకుపచ్చ అని నేను చెప్పుకునేవాణ్ణి గానీ ఎర్రటి ఎండలో తప్ప నల్లగానే కనిపించేది. వయసులో నాకంటే పెద్దది. ఇంగ్లండులో తయారై, ఎవరో మిలటరీ అధికారి వెంట సికింద్రాబాదు చేరి, చేతులు మారి మారి చివరికి నా నెత్తిన పడింది. పడిందనడం అన్యాయం. నేనే వెళ్ళి తల పెట్టాను.

అప్పట్లో మేము ఖాజాగూడలో ఆవిడ ఇంటి మేడ మీద కిరాయికి ఉండేవాళ్ళం. మాది గుంటూరు వైపు. నేను హైటెక్ సిటీలో ఒక కంపెనీలో ప్రాజెక్టు మేనేజరుని. అంటే పని చేసేవాళ్ళని పని ఎప్పుడవుతుందని అడగడం నా పని. ఇంటి వెనక ఓనరమ్మకి బర్రెల కొట్టం ఒకటుండేది. బర్రెలు లేవు. అవి మేసే బీళ్ళన్నీ అద్దాల భవనాలైపోయాక ఆవిడ భర్త ఒక్కొక్కదాన్నే అమ్మేశాడు. ఖాళీ కొట్టం చూసి, "ఇందులో కారు పెట్టుకోవచ్చా అమ్మా?" అనడిగాను.

"పెట్టుకో. బర్రె వాసన నీ కారుకు పడితె నన్ననొద్దు" అంది.

బర్రె వాసన కారుకి పట్టలేదు. కారు కార్చిన నూనె వాసనే కొట్టానికి పట్టింది.

ఆ కారుకి అలకలెక్కువ. ఆకాశంలో మబ్బు కనిపిస్తే స్టార్టయ్యేది కాదు. ఎండలో స్టార్టయితే ఆగేది కాదు, తాళం తీసి జేబులో వేసుకున్నా ఇంజను కాసేపు దగ్గుతూనే ఉండేది. పెట్రోలు ముల్లు ఎప్పుడూ నిండుగా చూపించేది, దారి మధ్యలో ఆగిపోయినప్పుడు కూడా. అన్నిటికంటే ఘోరం హారను. స్టీరింగు ఎడమవైపు తిప్పితే దానంతటదే మోగేది. కుడివైపు తిప్పితే గుద్దినా మోగేది కాదు. అందుకని ఎడమ మలుపు వస్తోందంటే నేను ముందే జనానికి దణ్ణం పెట్టుకుంటూ వెళ్ళేవాణ్ణి. ఇవి చాలవన్నట్టు డ్యాష్‌బోర్డు కింద ఒక హీటరు. హైదరాబాదులో హీటరు! మే నెలలో ఆ మీట కంటబడితేనే ఒళ్ళు మండిపోయేది.

పొద్దున్నే ఓనరమ్మ చాయ్ గ్లాసు పట్టుకుని కొట్టం ముందు బండ మీద కూర్చుని నా అవస్థ చూసేది. ఆవిడకి వేరే వినోదం అక్కర్లేదు.

"పెట్రోలు తాగుతది. నూనె తాగుతది. నీళ్ళు తాగుతది. పాలియ్యది. గిది వట్టిపోయిన బర్రె బిడ్డా. మా ఆయనైతె గిసొంటిదాన్ని ఎప్పుడో అమ్మేసేటోడు."

నాకు పౌరుషం పొడుచుకొచ్చేది. "అలా అనకండమ్మా. ఇది క్లాసిక్."

"అదే. బాగ ముసల్దని ఇంగ్లీషుల అంటున్నవ్."

చందానగర్‌లో ముంబయి హైవే పక్కన షెడ్డున్న మెకానిక్ ఒకాయన ఈ కారుకి ఆస్థాన వైద్యుడు. తెలంగాణ అంటే ప్రాణమిచ్చే మనిషి, కారు గురించి మాత్రం నాకెంత తెలుసో ఆయనకీ అంతే తెలుసు. బానెట్ ఎత్తగానే నడుం మీద చేతులు పెట్టుకుని, "ఎవడు సార్ చేసిండు దీన్ని?" అని గర్జించేవాడు. పోయినసారి చేసింది ఆయనే అయ్యుండేది. నేను ఆ సంగతి ఎత్తేవాణ్ణి కాదు, ఎందుకంటే మధ్యలో నేను కూడా చేయి పెట్టి ఉండేవాణ్ణి.

ఆ ఇంజనుకి రెండు కార్బ్యురేటర్లు. రెండూ పెట్రోలు సమానంగా పీల్చుకోవాలి. ఆయన ఒక రబ్బరు గొట్టం చెవిలో పెట్టుకుని ముందుదాని బుసా వెనకదాని బుసా మార్చి మార్చి వినేవాడు.

"వినుండ్రి సార్. ముంగటిదే మొత్తం గుంజుకుంటుంది. ఎనకదానికి చుక్క లేదు. గిదే సార్ మా లొల్లి. నీళ్ళ ముచ్చట మీకు ఇంకెట్ల చెప్పాలె?"

నేను కృష్ణకి కిందివైపు పుట్టినవాణ్ణి. నోరు మూసుకుని స్క్రూడ్రైవర్ అందించాను. కాసేపటికి, "ఇగ రెండు సమానమైనయి, బేఫికర్ సార్" అన్నాడు. చందానగర్ బజారు దాటకముందే ముందుది మళ్ళీ దోచుకోవడం మొదలుపెట్టింది.

ఉన్న రోగాలు కుదర్చుకుని ఊరుకున్నా సరిపోయేది. నాకు కారుని మెరుగుపరచాలన్న దురద ఒకటి. మా ఆఫీసులో ఎవరు ఆన్‌సైట్ నుంచి తిరిగొచ్చినా చాక్లెట్ల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టడం ఆనవాయితీ. నేను మాత్రం ఇంగ్లండు వెళ్ళేవాళ్ళని పట్టుకుని, "నాకు చాక్లెట్లు వద్దు, వాటర్ పంపు తెచ్చిపెట్టు" అనేవాణ్ణి. పాపం ఒకడు స్వెట్టర్ల మధ్య దాచి తెచ్చాడు. విమానాశ్రయంలో ఇదేమిటని అడిగితే, "మా మేనేజరుది" అని చెప్పాడట. అంతకంటే నిజమైన జవాబు లేదు.

అలాగే ఒక ఎలక్ట్రిక్ ఫ్యాను తెప్పించాను. ఇంజను ముందుండే రేడియేటర్ లోంచి గాలి లోపలికి లాగి నీళ్ళు చల్లబరచడం దాని పని. మెకానిక్‌ని పిలవకుండా ఒక ఆదివారం నేనే బిగించాను. ప్లస్సుకి ప్లస్సు, మైనస్సుకి మైనస్సు. ఇంజనీరింగ్ చదివినవాడికి ఇదో లెక్కా? మా ఆవిడ మేడ మీంచి, "ఏవండీ, మిక్సీ ప్లగ్గు ఊడిపోయి ఎన్నాళ్ళయిందో గుర్తుందా?" అని అరిచింది. వినిపించుకోలేదు. మీట నొక్కగానే ఫ్యాను రయ్యిమంది. ఆ చప్పుడు విని నా జబ్బ నేనే చరుచుకున్నాను.

చిత్రమేమిటంటే, ఫ్యాను పెట్టాక కారు అంతకుముందుకంటే ఎక్కువ కాగేది. హైదరాబాదులో ఎండలు పెరిగాయని నేను తేల్చాను. పెట్రోలు కల్తీ అని మెకానిక్ తేల్చాడు. కనీసం బరువైనా తగ్గిద్దామని హీటరు పీకేయబోయాం. దాని నట్టు ఎక్కడో లోపల, నా చేయి దూరని చోట ఉంది. ఆయన చేయి నాకంటే లావు. హీటరు అలా బతికిపోయింది.

ఇదంతా ఉద్యమం రోజుల్లో. ఏ బండి చూసినా నంబరు ప్లేటు మీద ఏపీ కొట్టేసి టీజీ రాసుకున్నారు. మా కొట్టం గోడ మీద ఓనరమ్మ సున్నంతో 'జై తెలంగాణ' రాయించింది. సరిగ్గా నా కారు మూతికి ఎదురుగా. "ఆంధ్రోళ్ళు పోవాలె" అని వాకిట్లో నిలబడి గట్టిగా అనేది. నేను మెట్లు దిగుతూ కనిపిస్తే, "నిన్ను కాదు బిడ్డా. నువ్వెటు పోతవ్? అంబాడ కూర చేసిన, గిన్నె పంపు" అనేది. ఆ ఇంట్లో నాకు భయం వేసింది ఒక్క కారు విషయంలోనే.

సకల జనుల సమ్మె మొదలైన యేడు వానలకి ఆవిడ మోకాళ్ళు పట్టేశాయి. ఎడమ మోకాలు అసలు వంగనంటోంది. అంతలో బతుకమ్మ వచ్చింది.

ఆ వాడలో ఆవిడ పేర్చే బతుకమ్మే పెద్దది. చెరువుకి వెళ్ళే వరసలో అదే ముందు. వెనకటికి ఇంటి వెనక బండల మధ్య కాలిబాట పట్టుకుని పాట పూర్తయ్యేలోపు చెరువుకి చేరేవాళ్ళట. ఆ బాటకి అడ్డంగా పెద్ద కాలనీ గోడ లేచింది. ఇప్పుడు మెయిన్ రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాలి. అంత దూరం ఆవిడ నడవలేదు. పండగ ఆఖరి రోజైన సద్దుల బతుకమ్మకి ఇంకా రెండు రోజులుందనగా వాకిట్లో పంచాయితీ పెట్టారు. మా ఆవిడా నేనూ మెట్ల మీద కూర్చున్నాం.

"అత్తమ్మా, నేనెత్తుకపోత. నువ్వు ఇంటి కాడ కూసో" అంది కోడలు.

"పేర్చినోళ్ళే సాగనంపాలె. మన పిల్లను అత్తగారింటికి పక్కింటోళ్ళతోటి తోలిస్తమా?" అంది ఓనరమ్మ. "ఈ ఇంటికి కోడలిగ వచ్చిన సంది ఒక్క యేడు తప్పలే. రాష్ట్రం వచ్చేదాంక ఉంటనో లేదో. మోకాలు వంగలేదని నా బతుకమ్మను నేను సాగనంపకుండ అయితదా?" అంటూ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఎప్పుడూ ఎదుటివాణ్ణి ఆడించే మనిషి అలా అయిపోతే చూడలేకపోయాను.

చూడలేక, నోరు జారాను. "పోనీ అమ్మా, ఈసారికి చిన్నది పేర్చండి. ఎవరి కారులోనైనా పట్టేస్తుంది."

మా ఆవిడ నా తొడ మీద గిల్లింది.

"చిన్నదా?" అంది ఓనరమ్మ. "నీ కారు చిన్నగున్నదని అందరివి చిన్నగ చెయ్యాల్నా?"

తర్వాత అందరూ కలిసి లెక్కలేశారు. బస్సులు లేవు, సమ్మె. ఆటోలూ తీయడం లేదు. కొడుకు మోటారు సైకిలుందిగానీ, కూర్చోవాలంటే మోకాలు వంగాలి. మామూలు కారుకి పైకప్పు ఉంటుంది, బతుకమ్మ తల తగులుతుంది. పైకప్పు లేనిది కావాలి. కాళ్ళు చాపుకుని కూర్చునేది కావాలి. అందరి చూపులూ ఒక్కొక్కటిగా కొట్టం వైపు తిరిగాయి.

"బిడ్డా, నీ బర్రె చెరువు దాంక నడుస్తదా?"

నిజం చెప్పాల్సిన సమయం అది.

"బేఫికర్ అమ్మా" అన్నాను. నోరు నాదే, కూసింది మాత్రం నాలోని మెకానిక్కు.

ప్రాజెక్టు మేనేజరుని కదా, మర్నాడు ట్రయల్ వేశాను. బతుకమ్మ బదులు నిండా నీళ్ళున్న బకెట్టు ఎడమ సీట్లో పెట్టి, చుట్టూ తిరిగి చెరువు దాకా వెళ్ళి వచ్చాను. చుక్క ఒలకలేదు. కారు కాగలేదు. ఇంటికొచ్చి, "టెస్టింగ్ పాస్" అని మా ఆవిడకి గొప్పగా చెప్పాను. ఒక్క సంగతి మరిచాను. నేను వెళ్ళింది కారు వేగంతో. రేపు వెళ్ళాల్సింది పాట వేగంతో. ఆడవాళ్ళు పాడుకుంటూ నడుస్తుంటే వాళ్ళ వెనక కారు పాకాలి. ఆఫీసులో కుర్రాళ్ళు ఇలాంటి తప్పు చేస్తే గంటసేపు క్లాసు పీకేవాణ్ణి.

సద్దుల రోజు పొద్దుటి నుంచీ వాకిలంతా పూలే. తంగేడు, గునుగు, బంతి. గునుగుకి రంగులద్దుతూ మా ఆవిడ చేతులు మోచేతుల దాకా గులాబీ రంగు చేసుకుంది. వరస మీద వరస పేర్చి, పైన పసుపు గౌరమ్మని పెట్టేసరికి బతుకమ్మ నా నడుం దాటింది. ఓనరమ్మ చిన్నదేమీ చేయలేదు. ఇంకాస్త పెద్దదే చేసింది.

సాయంత్రం వాకిట్లో ఆడడం అయ్యాక ఓనరమ్మని కారులోకి ఎక్కించాం. ఎక్కించడం కాదు, బావిలోకి బిందె దించినట్టు దించాం. కాళ్ళు రెండూ ముందుకి చాపుకుని కూర్చుంది. "ఏంది గిది, పండుకున్నట్టే ఉన్నది! మంచిగుంది బిడ్డా" అంది. తాంబాళంతో సహా బతుకమ్మని ఒళ్ళో పెట్టారు. అంతే, ఆవిడ మాయమైపోయింది. నాకు ఎడమపక్క పూలు తప్ప ఇంకేమీ కనిపించలేదు. పూల అవతల నుంచి గొంతు మాత్రం వస్తోంది, "ఇటు జాగున్నది, పోనీ" అని.

కారు మొదటి తాళానికే స్టార్టయింది. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

ముందు ఆడవాళ్ళు, నెత్తి మీద బతుకమ్మలు, నోట ఉయ్యాల పాట. వెనక నేను, క్లచ్చు మీద కాలు, కంట్లో ప్రాణాలు. వాడ దాటకముందే వేడి ముల్లు లేవడం మొదలైంది. నా ఫ్యాను వేశాను. ముల్లు ఇంకా జోరందుకుంది. అంతలో మెయిన్ రోడ్డు వచ్చింది. ఎడమ మలుపు.

మలుపులో రోడ్డుకి అడ్డంగా రాళ్ళు పెట్టి కుర్రాళ్ళు రాస్తారోకో చేస్తున్నారు. నడిచేవాళ్ళ కోసం పక్కకి జరిగారు, పాటలో గొంతు కూడా కలిపారు. సరిగ్గా అప్పుడు నేను స్టీరింగు తిప్పాను. హారను ఒకటే మోత.

"ఏయ్! ఎవడ్రా వాడు? బతుకమ్మ పోతుంటె హారన్ కొడుతుండు!"

చుట్టుముట్టారు. ఎదురుగా కళ్ళజోడు పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ మొహం, కింద స్పోర్ట్స్ కారు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

"నేను కొట్టలేదండీ. దానంతటదే మోగుతుందండీ" అన్నాను. కంగారులో 'అండీ'లు రెండు పడ్డాయి. ఇంక ఏ ఊరని ఎవరూ అడగలేదు.

"దానంతటదే మోగుతదా? మమ్మల్ని పాగల్ గాళ్ళనుకున్నవా?"

నిరూపిద్దామని స్టీరింగు నిటారుగా పెట్టాను. ఆగింది. ఎడమకి తిప్పాను. మోగింది. వాళ్ళకది ఇంకా పొగరుగా కనిపించింది. అప్పుడు బతుకమ్మ గర్జించింది.

"ఎవడ్రా అది? ఆయన మా ఇంటి మనిషి. నడవశాత గాని ముసల్దాన్ని చెరువుకు తీస్కపోతుండు. రోడ్డు బంద్ పెట్టిండ్రు, మంచిదే. నన్ను గూడ బంద్ పెడ్తరా? జరుగుండ్రి!"

పూలలోంచి గొంతు రావడంతో కుర్రాళ్ళు నిజంగానే హడలిపోయారు. ఒకడు చెప్పులు కూడా విడిచాడు. "తప్పయింది అమ్మా" అంటూ పరుగున వెళ్ళి రాళ్ళు తీశారు.

దారి దొరికింది. కానీ ఆ కాసేపు నిలబడే సరికి ముల్లు చివరంటా వెళ్ళి కూర్చుంది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. ఇంజను ఆపితే ఈ వేడిలో మళ్ళీ పలకదు, ఆపకపోతే పేలుతుంది. ముందు నడిచేవాళ్ళు పాట ఆపి వెనక్కి చూస్తున్నారు. పొద్దు గుంకుతోంది.

"బిడ్డా, నడుస్తదా?"

ఈసారి బేఫికర్ అనడానికి నోరు రాలేదు. ఆవిడని నడిరోడ్డు మీద దింపి, ఆ బతుకమ్మని ఇంకొకరి నెత్తిన పెట్టాల్సి వచ్చేలా ఉంది. నన్ను నేను తిట్టుకున్నాను, బూతులే.

అప్పుడు కారు ముందు నిలబడ్డ మా ఆవిడ అంది, "ఏవండీ, మీ కారు ముక్కులోంచి వేడిగాలి కొడుతోందేంటి? చీర కమిలిపోయేలా ఉంది."

"అది గాలి లోపలికి పీలుస్తుంది. బయటికి వదలదు. నీకు తెలియదు, ఊరుకో" అని కసిరాను.

ఆవిడ ఊరుకుంది. ఊరుకుని, చేతిలోని పూల పళ్ళెంలోంచి గుప్పెడు బంతి రేకులు తీసి కారు మూతి ముందు వదిలింది. అవి లోపలికి రాలేదు. ఎగిరి రోడ్డు మీద పడ్డాయి.

నాకు వెలిగింది. మన బండ్లన్నిటికీ బ్యాటరీ మైనస్ తీగని బాడీకి కడతారు. ఆ కాలపు ఇంగ్లీషు వాళ్ళు ప్లస్సు తీగని కట్టేవారు. నేను మన పద్ధతిలో, బాడీయే మైనస్సనుకుని కలిపాను. ఫ్యాను ఇన్నాళ్ళూ తిరగబడి తిరుగుతోంది. కారు ముందుకి వెళ్తుంటే వచ్చే చల్లగాలిని రానివ్వకుండా నెలల తరబడి నెడుతూ కూర్చుంది. పెట్రోల్లో కల్తీ లేదు, హైదరాబాదులో ఎండలు పెరగలేదు. నా పట్టా ఆ రేకులతో పాటే ఎగిరిపోయింది.

ఫ్యాను ఆపేశాను. అది ఒక్కటే చాలదు. ఇంటర్నెట్‌లో ఇంగ్లండు ముసలాళ్ళు ఒకచోట రాసుకున్నది గుర్తొచ్చింది: ఇంజను కాగితే హీటరు పూర్తిగా తిప్పండి, దాని వేడి మీ కాళ్ళ మీదికి వస్తుంది, ఇంజను బతుకుతుంది. అప్పుడు పగలబడి నవ్వుకున్నాను. ఇప్పుడు రెండు చేతులతో ఆ మీట పట్టుకుని లాగాను. ముందు దుమ్ము వచ్చింది, తర్వాత ఒక చచ్చిన బొద్దింక, ఆ తర్వాత పొయ్యిలోంచి వచ్చినట్టు వేడిగాలి.

"అమ్మా, కొంచెం వేడొస్తుంది, ఓర్చుకోండి" అన్నాను. నా ప్యాంటు అప్పటికే కాళ్ళకి అతుక్కుపోయింది. పూల వెనక చాలాసేపు చప్పుడు లేదు. సొమ్మసిల్లిందేమోనని హడలిపోయాను.

"ఏం చేసినవ్ బిడ్డా?"

"హీటరమ్మా. ఆపేయనా?"

"ఆపకు! మోకాళ్ళకు కాపడం పెట్టినట్టే ఉన్నది. గింత మంచి సామాను లోపల పెట్టుకొని గిన్నొద్దులు ఎందుకు చెప్పలేదు?"

ముల్లు వెంట్రుకవాసి దిగింది. మళ్ళీ ఒక వెంట్రుక. పాట మొదలైంది. పాట వేగంతోనే కదిలాం. నేను అరికాళ్ళ నుంచి నడినెత్తి దాకా ఉడికిపోతున్నాను, పక్కనుంచి ఆవిడ గొంతెత్తి ఉయ్యాల పాడుతోంది.

చెరువు గట్టున నలుగురు కలిసి ఆవిడని పైకి లేపారు. నిలబడింది. ఎడమ కాలు ఒకసారి ఆడించి చూసుకుంది. కాస్త వంగింది. "నెత్తికెత్తు" అంది కోడలితో. కోడలి భుజం మీద ఒక చేయి, తాంబాళం మీద ఒక చేయి. గట్టు దిగి, నీళ్ళ దాకా నడిచి, తన బతుకమ్మని తానే సాగనంపింది. అది ఊగుతూ లోపలికి వెళ్ళిపోయేదాకా కళ్ళార్పలేదు. నాకు ఏడుపొచ్చింది. చెమటతో కలిసిపోయింది కాబట్టి ఎవరికీ తెలియలేదు.

తిరుగుదారికి కారు స్టార్టు కాలేదు. ఊరంతా కలిసి తోశారు. ఓనరమ్మ సీట్లో కాళ్ళు చాపుకుని, ఖాళీ తాంబాళం ఒళ్ళో పెట్టుకుని, తోసేవాళ్ళందరికీ సత్తుపిండి ప్రసాదం పంచుతూ కూర్చుంది. రాస్తారోకో కుర్రాళ్ళు కూడా ఒక చేయి వేశారు. ఇంటికి చేరాక భర్తతో చెప్పింది, "వట్టిపోయిందనుకున్న. ఇయ్యాల పాలిచ్చింది."

మరుసటి వారం చందానగర్‌లో మెకానిక్ ఫ్యాను తీగలు చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ఎవడు సార్ చేసిండు దీన్ని?"

"నేనే" అన్నాను.

ఆయన మర్యాదగా వేరే వైపు చూశాడు. తీగలు మార్చాక, "డ్యాష్‌బోర్డు మొత్తం ఇప్పి గా హీటర్ పీకేద్దాం సార్, వట్టి బరువు" అన్నాడు. "దాని మీద చెయ్యి వేశావంటే ఊరుకోను" అని కస్సుమన్నాను. ఆ చలికాలమంతా ఓనరమ్మ పొద్దున్నే చాయ్ గ్లాసుతో వచ్చి బండ మీద కాకుండా ఎడమ సీట్లో కూర్చునేది. నేను ఇంజను వేసి, హీటరు తిప్పి, ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళేవాణ్ణి. ఆ తర్వాత ప్రతి యేడూ సద్దుల రోజు ఆవిడ బండి నాదే.

రాష్ట్రం వచ్చింది. ఆవిడ చూసింది. ఆ యేడే రెండు మోకాళ్ళూ మార్పించుకుంది. దవాఖాన నుంచి వచ్చాక నన్ను పిలిచి చీర మీంచే తట్టి చూపించింది. "ఫారిన్ సామానట బిడ్డా. నీ లెక్కనే నేను గూడ పార్టులు తెప్పిచ్చుకున్న. గని నావి నడుస్తున్నయి."

సద్దుల రోజు మధ్యాహ్నం నుంచే కారు కడిగి, హీటరు చూసుకుని, గేటు ముందు పెట్టాను. ఆవిడ బయటికొచ్చింది. బతుకమ్మ ఆవిడ నెత్తి మీదే ఉంది. కారు వైపు చూసి, "నువ్వు ఎనకనే రా" అంది. అని, వరసలో అందరికంటే ముందు నడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఖాళీ సీటు పక్కన పెట్టుకుని వాళ్ళ వెనకాలే పాకాను. ఆవిడ మోకాళ్ళ మీద నాకు ఈర్ష్య కలిగింది. సిగ్గుచేటే, కానీ కలిగింది. ఇంతకాలానికి నా కారు ఒకరికి అక్కరకొచ్చిందనుకుంటే, ఆ అక్కర కాస్తా తీరిపోయింది.

బతుకమ్మని సాగనంపి ఆవిడ గట్టెక్కి వచ్చింది. కారు పక్కన ఆగి నా మొహం చూసింది. తలుపు తీసుకుని, ఎవరి సాయం లేకుండా తనే లోపలికి దిగి కూర్చుంది.

"కాపడం పెట్టు."

"ఇప్పుడు నొప్పి లేదు కదమ్మా?"

"నొప్పుంటెనే కూసోవాల్నా? తియ్యి బండి."

తాళం తిప్పాను. కిర్రుమంది. మళ్ళీ తిప్పాను. ఆ మాత్రం కూడా అనలేదు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడ నిట్టూర్చి, తలుపు తెరుచుకుని దిగి, కొంగు నడుముకి చుట్టుకుంది.

"నువ్వు కూసో బిడ్డా" అంది వెనక్కి నడుస్తూ. "నేను తోస్త."

ఆవిడ చేయి పడగానే మిగతా వాళ్ళూ వచ్చి చేతులు వేశారు. చెరువు దారి నుంచి మెయిన్ రోడ్డులోకి ఎడమ మలుపు తిరగగానే హారను దానంతటదే మోగింది.